కుట్టు లైన్‌లో కనబడని రక్తహీనత

నాలుగున్నరకు లేస్తే గానీ ఆరింటి బస్సు అందదు. ఆ గంటన్నరలోనే వాకిలి ఊడ్చాలి, నీళ్లు పట్టాలి, అన్నం కూర వండాలి, పిల్లలకూ భర్తకూ తనకూ క్యారేజీలు సర్దాలి. కూర్చుని టిఫిన్ తినే టైమ్ ఎక్కడిది? నిలబడే ఒక గ్లాసు టీ తాగి, ఊరి మలుపు దాకా పరుగెత్తి కంపెనీ బస్సు ఎక్కుతుంది. అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురం సెజ్‌కు వెళ్లే బస్సుల్లో, తిరుపతి జిల్లాలో తడ, శ్రీసిటీ వైపు పోయే బస్సుల్లో, హిందూపురం దాటి కర్ణాటక వైపు గార్మెంట్ యూనిట్లకు వెళ్లే వ్యాన్లలో కూర్చున్న ఆడవాళ్లలో చాలామందికి పొద్దు ఇలాగే మొదలవుతుంది. పదిన్నర ప్రాంతంలో టీ. మధ్యాహ్నం అరగంట భోజనం. అందులోనూ చేతులు కడుక్కునే దగ్గర కొంత, బాత్రూం ముందు కొంత పోతుంది. సాయంత్రం మళ్లీ టీ. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

ఈ దినచర్యను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్యాక్టరీ మహిళల్లో రక్తహీనత మాట వచ్చినప్పుడల్లా ఆకుకూరలు తినండి, బెల్లం తినండి అని చెప్పి చేతులు దులుపుకుంటారు. ఆమెకు తోటకూర సంగతి తెలియకనే ఈ తిప్పలన్నీ వచ్చాయన్నట్టు మాట్లాడతారు. తోటకూర సంగతి ఆమెకు బాగా తెలుసు. ఒంట్లో ఇనుము తరిగిపోవడంలో ఈ టైంటేబుల్‌కు పెద్ద వాటా ఉంది. అంతకన్నా ముఖ్యం, తరిగిపోయిన సంగతి బయటికి తెలియనివ్వనిది కూడా ఈ టైంటేబులే. రోజూ పనికి వస్తోంది కదా, టార్గెట్ అయిపోతోంది కదా, ఇంకేం జబ్బు అనిపిస్తుంది చూసేవాళ్లకు.

"ఒంట్లో రక్తం లేదు" అని వాడుకలో అంటాం. నిజానికి తగ్గేది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, గర్భిణి కాని మహిళకు 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. 11 నుంచి 11.9 వరకు స్వల్పం, 8 నుంచి 10.9 వరకు మధ్యస్థం, 8కి దిగువన తీవ్రం. ఒక్కో గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. అంటే 12 గ్రాములున్న మనిషి రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లకూ 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తే, 9 గ్రాములున్న మనిషి రక్తం 12 మాత్రమే మోస్తుంది. పావు వంతు కోత. పని మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ కోతను పూడ్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది.

మన దగ్గర ఇది ఎంతమందికి ఉంది? 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తం మీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో దేశ సగటు 25 శాతం. నలభై మంది కూర్చునే ఒక కుట్టు లైన్‌ను ఊహించుకుంటే, ఆంధ్ర సగటు లెక్కన అందులో ఇరవై మూడు మంది. ఈ అంకెల మీద శాస్త్రవేత్తల్లో ఒక వాదన ఉందని కూడా చెప్పాలి. ఆ సర్వేలో వేలి కొస మీద పొడిచి తీసిన చుక్క రక్తంతో పరీక్ష చేశారు. నరం నుంచి తీసిన రక్తంతో పోలిస్తే ఈ పద్ధతిలో హిమోగ్లోబిన్ తక్కువగా కనబడే అవకాశం ఉందన్నది ఆ వాదన. ఆరో సర్వే నుంచి ఈ పరీక్షను తీసేసి, నరం రక్తంతో కొలిచే మరో జాతీయ సర్వేకు అప్పగించారు కూడా. ఆ వాదన పూర్తిగా నిజమై అసలు శాతం సగానికి పడిపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా ఆ లైన్‌లో పన్నెండు మంది మిగులుతారు. పన్నెండు మందికి చేతులు విరిగి ఉంటే ఏ ఫ్యాక్టరీ అయినా ఆ రోజు పని ఆపేస్తుంది.

చెయ్యి విరిగితే కనబడుతుంది, ఇది కనబడదు. ఎందుకు కనబడదో పరిశోధనలే చూపించాయి.

ఇండోనేషియా రబ్బరు తోటల్లో పాలు గీసే కూలీల మీద జరిగిన అధ్యయనం ఒకటి 1979లో అచ్చయింది. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న కూలీ తక్కువ రబ్బరు పాలు తెచ్చేవాడు. ఇనుము మాత్రలు ఇచ్చాక ఎక్కువ తెచ్చాడు. అక్కడ రక్తంలో లోటు నేరుగా బకెట్‌లో కనబడింది, ఎందుకంటే ఎన్ని చెట్లు గీయాలో, ఎంత వేగంగా గీయాలో అతని కాళ్లూ చేతులే నిర్ణయిస్తాయి. ఫ్యాక్టరీలో అలా ఉండదు. వేగాన్ని మిషన్ నిర్ణయిస్తుంది, లైన్ నిర్ణయిస్తుంది. చొక్కా కాలర్ కుట్టే ఆమె కాస్త మందగిస్తే ముందరి ఆమె కుట్టి పంపిన పీస్‌లు బల్ల మీద గుట్టగా పేరుకుంటాయి, తరవాతి ఆమె చేతులు ఖాళీగా ఉంటాయి. అప్పుడు సూపర్‌వైజర్ వస్తాడు. అందుకని ఆమె మందగించదు. ఒంట్లో ఓపిక ఉన్నా లేకపోయినా గంటకు ఇన్ని పీస్‌లు పంపుతుంది.

మరి ఆ లోటు ఎక్కడ తేలుతుంది? బీజింగ్‌లో ఒక నూలు మిల్లులో పనిచేసే, ఇనుము లోపం ఉన్న 80 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం 1994లో వచ్చింది. కొందరికి 12 వారాల పాటు రోజూ ఇనుము మాత్ర, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఇనుము అందినవారిలో పని చేసేటప్పటి గుండె వేగం నిమిషానికి సుమారు 95 నుంచి 91కి తగ్గింది. అదే పనికి ఖర్చయ్యే శక్తి కూడా తగ్గింది. నాలుగు కొట్టుకోవడాల తేడా చిన్నదిగానే అనిపిస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు లెక్క కడితే దాదాపు రెండు వేలు. మాత్ర అందనప్పుడు ఆ రెండు వేల అదనపు కొట్టుకోళ్లను ఏ రిజిస్టరూ రాయలేదు. వాటితోనే బట్ట తయారై బయటికి పోయింది.

ఇండోనేషియాలోనే జనపనార మిల్లు మహిళల మీద జరిగిన ఇంకో అధ్యయనం మరీ ఆలోచింపజేస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లు ఫ్యాక్టరీలో కొద్దిగా మాత్రమే వెనకబడ్డారు. ఇంటిపని గంటల్లో మాత్రం చెప్పుకోదగ్గంత వెనకబడ్డారు. ఉన్న కాస్త ఓపికనూ జీతమిచ్చే చోట ఖర్చు పెట్టేసి, ఇంటికొచ్చాక పడిపోతున్నారన్న మాట. ఈ సంగతి తెలిశాక మన ఇళ్లలో వినబడే కొన్ని మాటలు కొత్తగా అర్థమవుతాయి. ఆదివారం పొద్దెక్కే దాకా లేవదు. ఊరికే చిరాకు పడుతుంది. పిల్లల పుస్తకాలు తెరిచి చూసే ఓపిక లేదు. "కంపెనీకి పోయినప్పుడు లేని నీరసం ఇంట్లోనే ఎందుకొస్తుంది?" అని అత్తగారో భర్తో అడిగే ప్రశ్నకు జవాబు ఆమె బద్ధకంలో కాదు, ఆమె రక్తంలో ఉండి ఉండవచ్చు.

లక్షణాల జాబితా ఏ ఆసుపత్రి గోడ మీదైనా ఉంటుంది: నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం, తలనొప్పి, పాలిపోయిన కంటి రెప్పలు, జుట్టు రాలడం. ఆ గోడల మీద అరుదుగా కనిపించేది, ఆడవాళ్లు ఒకరికొకరు గుసగుసగా చెప్పుకునేది ఇంకొకటి ఉంది. బియ్యం చేటలోంచి గుప్పెడు పచ్చి బియ్యం తీసుకుని నమలాలనిపించడం. కొందరికి బలపాలు, కొందరికి తడిసిన మట్టి వాసన, కొందరికి ఐస్ ముక్కలు. చీర కొంగులోనో క్యారేజీ సంచిలోనో చిన్న పొట్లంలో బియ్యం కట్టుకెళ్లి టీ బ్రేక్‌లో నోట్లో వేసుకునే వాళ్లున్నారు. దీన్ని చెడ్డ అలవాటని తిడతారు, కడుపులో పురుగులున్నాయంటారు, పెళ్లికాని పిల్లయితే పెళ్లిరోజున వాన పడుతుందని ఆటపట్టిస్తారు. తిండి కాని వాటి మీద పుట్టే ఇలాంటి కోరిక ఇనుము లోపానికి బాగా తెలిసిన గుర్తు. ఇనుము భర్తీ అయ్యాక చాలామందిలో దానంతట అదే పోతుంది. బియ్యం నమిలే అమ్మాయి కనబడితే తిట్టకుండా రక్త పరీక్షకు తీసుకెళ్లడం మంచిది.

ఇంకో సంగతి. హిమోగ్లోబిన్ తగ్గడం ఇనుము లోపంలో చివరి మెట్టు. ముందు కాలేయంలోనూ ఎముక మజ్జలోనూ ఉన్న నిల్వలు కరుగుతాయి, ఆ తర్వాతే రక్తం పలచబడుతుంది. నిల్వలను చూపించే పరీక్ష ఫెరిటిన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తగ్గితే ఇనుము లోపం కిందే లెక్క. హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 12.2 వచ్చింది, ఏమీ లేదు పొమ్మన్నారు అని చెప్పే అమ్మాయికి నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఆమె చెప్పే అలసట అబద్ధం కాదు.

ఇక తిండి లెక్క. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవారికి 19. ఆ తేడా ఎక్కువగా నెలసరి వల్ల వచ్చిందే. చర్మం, పేగుల ద్వారా రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా ఎవరికైనా పోతుంది. మిల్లీలీటరు రక్తంలో సుమారు 0.4 నుంచి 0.5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నెలసరిలో 40 మిల్లీలీటర్లు పోయినా 16 నుంచి 20 మిల్లీగ్రాములు అదనంగా పోయినట్టే. మన తిండిలోని ఇనుములో ఒంటికి పట్టేది పదో వంతు కూడా ఉండదు కాబట్టి అంత పెద్ద అంకె పెట్టారు.

ఇప్పుడు క్యారేజీ మూత తీద్దాం. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో పప్పో వంకాయ కూరో, పక్కన కాస్త పచ్చడి, చిన్న డబ్బాలో మజ్జిగ. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు ఇనుము 0.65 మిల్లీగ్రాములే. రోజు మొత్తానికి 350 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా వచ్చేది రెండుంపావు. నలభై గ్రాముల కందిపప్పులో ఒకటిన్నర. వంకాయ, బీరకాయ, బంగాళాదుంప లాంటి కూరల్లో ఒక మిల్లీగ్రాము కూడా కష్టమే. చింతపండు, పోపు దినుసులు అన్నీ కలుపుకున్నా ఆరేడు దాటదు. 29 ఎక్కడ, ఏడు ఎక్కడ! కడుపు నిండుతుంది, ఇనుము నిండదు.

దీనికి రోజూ కట్ట తోటకూర చేరిస్తే నాలుగున్నర, యాభై గ్రాముల రాగులతో రెండుకు పైగా, ముప్పై గ్రాముల ఉలవలతో రెండున్నర, ఒక నువ్వుల ఉండతో మరో రెండు మూడు వస్తాయి. ఇవన్నీ ఒకే రోజు కుదిరినా మొత్తం ఇరవైని చేరడమే కష్టం. మునగాకు మంచిదే, బెల్లమూ మంచిదే. కానీ ఒకసారి లోటు పడ్డాక కేవలం వంటింటితో దాన్ని పూడ్చుకోమనడం అన్యాయం. ఇనుము బాగా పట్టేది మాంసం, చేపలు, కాలేయం నుంచి. అందులోని ఇనుములో 15 శాతం, అంతకు పైన కూడా ఒంటికి చేరుతుంది. అయితే ఆదివారం చికెన్ వండిన ఇంట్లో మంచి ముక్కలు ముందు ఎవరి కంచంలో పడతాయో, చివరికి కూర గిన్నెలో పులుసుతో సరిపెట్టుకునేది ఎవరో చెప్పనక్కర్లేదు. శ్రీసిటీ వంటి చోట్ల హాస్టళ్లలో ఉండే అమ్మాయిలది ఇంకో కథ. మెస్‌లో అన్నం సాంబారు కడుపు నిండా పెడతారు. ఆకుకూర, గుడ్డు ఎన్ని రోజులకొకసారి వస్తాయో అన్నదే అసలు ప్రశ్న.

రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి ఇవ్వాలని కేంద్రం 2021లో ప్రకటించింది. నిర్దేశించిన ప్రమాణం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము. ఆ బియ్యమే తింటే 350 గ్రాములకు పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు అందుతాయి. పై లెక్కలో ఇది పెద్ద తేడా. నీళ్లలో తేలిన, రంగు కాస్త తేడాగా ఉన్న ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేసిన ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. ఆ నూరింట ఒక గింజలోనే ఇనుమంతా ఉందని బియ్యంతో పాటు చెప్పి ఉండాల్సింది.

తిన్న ఇనుముకు కూడా అడ్డం పడేది టీ. అన్నంతో పాటో తిన్న వెంటనేనో తాగిన టీ ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడాన్ని సగానికి పైగా తగ్గిస్తుంది. ఫ్యాక్టరీ రోజులో టీ ఎక్కడెక్కడ ఉందో చూడండి. పొద్దున టిఫిన్ బదులు టీ. పదిన్నర టీతో పాటు, ఇంట్లో తినలేకపోయిన ఇడ్లీని తినేది కూడా అప్పుడే. కొన్ని చోట్ల భోజనం కాగానే మగత రాకుండా ఇంకో కప్పు. ఆమెను టీ మానేయమనడం సరికాదు, ఆ రోజులో ఆమెకంటూ ఉన్న ఐదు నిమిషాలు అవే. తిండికీ టీకీ మధ్య గంట ఎడం ఉంటే చాలా నష్టం తప్పుతుంది. ఆ గంటను జరపగలిగేది బ్రేక్ టైమ్ వేసేవాళ్లే. అదే విధంగా, భోజనంలో నిమ్మకాయ ముక్క పిండుకున్నా, జామకాయ తిన్నా, ఉసిరి పచ్చడి వేసుకున్నా విటమిన్ సి వల్ల ఇనుము ఎక్కువగా పడుతుంది. క్యాంటీన్‌కు దీనికయ్యే ఖర్చు ఎంత?

లోపలికి వచ్చేది ఇంత అయితే, బయటికి పోయేది ఇంకా ఎక్కువ శ్రద్ధగా చూడాల్సిన విషయం. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటి రక్తం పోతే అది అధిక రక్తస్రావం. కొలిచి చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి గుర్తులు చూసుకోవాలి. గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండిపోవడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం. మిషన్ వదిలి బాత్రూంకు వెళ్లాలంటే అడిగి వెళ్లాల్సిన చోట, వెళ్లొచ్చేసరికి పీస్‌లు పేరుకునే చోట, ఆ రోజుల్లో రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంటారు, నీళ్లు తాగడం మానేస్తారు. "అందరికీ ఉండేదేగా" అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్, హార్మోన్ల తేడా వంటి కారణాలు ఉండొచ్చు. చాలావాటికి మాత్రలతోనే చికిత్స ఉంది. కానీ ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. ముప్పై ఐదేళ్లకే "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు, తీసేయిద్దాం" అనే మాట మనకు కొత్త కాదు. రక్తస్రావానికి సమయానికి మందు దొరకని చోట ఆపరేషనే మొదటి మందు అవుతోంది.

అన్ని రక్తహీనతలూ ఇనుము లోపం వల్లే రావన్నది కూడా గుర్తుంచుకోవాలి. బి12, ఫోలిక్ ఆమ్లం తగ్గినా వస్తుంది. కొంకి పురుగులు పేగుల్లో రక్తం తాగినా వస్తుంది. పుట్టుకతో వచ్చే రక్త జబ్బులైన తలసేమియా, మన్యం ప్రాంతాల నుంచి వచ్చే అమ్మాయిల్లో సికిల్ సెల్, మూత్రపిండాల జబ్బు, బ్యాటరీల వంటి పరిశ్రమల్లో సీసం కూడా కారణం కావచ్చు. మూడు నెలలు సరిగ్గా మాత్రలు వాడినా అంకె కదలకపోతే మాత్ర మార్చడం కన్నా కారణం వెతకడం అవసరం.

మాత్రల దగ్గరికి వస్తే, మన ఊళ్లలో ఐరన్ మాత్రలు దొరకవని కాదు. మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మానేస్తారు. కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం చేస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది. నల్లగా అవడం మామూలేనని ముందే ఒక్క ముక్క చెబితే సగం భయం పోతుంది. పరగడుపున వేసుకుంటే బాగా పడుతుందని పుస్తకం చెబుతుంది. పరగడుపున వేసుకుని గంట సేపు ఊగే బస్సులో కూర్చుంటే వాంతి అవుతుంది. అలాంటి వాళ్లు రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఇంకో ఊరట ఉంది. ఒక మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, ఒక రోజు పాటు పేగుల్లో ఇనుము తలుపు కాస్త మూస్తుంది. స్విట్జర్లాండ్‌లో యువతుల మీద జరిగి 2017లో వచ్చిన పరిశోధనలో, రోజూ కన్నా రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము పట్టింది. రోజూ పడనివాళ్లు మానేయకుండా ఈ పద్ధతి గురించి డాక్టర్‌ను అడగవచ్చు. హెచ్‌బీ 12కి రాగానే ఆపేయడం ఇంకో పొరపాటు. రక్తం నిండింది గానీ నిల్వలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. అందుకే ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలు కొనసాగించమంటారు.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం 20 నుంచి 49 ఏళ్ల మధ్య, గర్భిణి గానీ బాలింత గానీ కాని ప్రతి మహిళకూ వారానికి ఒక ఎర్ర మాత్ర అందాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వారికి నీలం మాత్ర. నీలం మాత్ర ఇచ్చేందుకు బడి ఉంది. గర్భిణికి అంగన్‌వాడీ ఉంది, ఏఎన్ఎం రిజిస్టర్‌లో పేరు ఉంది. గర్భిణి కాని, బడిలో లేని ఇరవై ఆరేళ్ల ఫ్యాక్టరీ మనిషిని ఎక్కడ పట్టుకోవాలి? ఆశా కార్యకర్త మధ్యాహ్నం వీధిలోకి వచ్చేసరికి ఆ ఇంటికి తాళం. ఆమె ఏడాదిలో మూడు వందల రోజులు ఒకే గేటులోంచి లోపలికి వెళ్తుంది, ఒకే కార్డు గీస్తుంది. వందల మంది ఆడవాళ్లు వారానికి ఆరు రోజులు ఒకే కప్పు కింద కూర్చునే చోటు ఇంకోటి లేదు. మాత్రల పంపిణీకి అంతకన్నా అనువైన చోటు దొరకదు, అయినా పథకం ఆమెను ఇంటి దగ్గర వెతుకుతోంది.

కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ ఉంది కదా అనవచ్చు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి జీతంలో 0.75 శాతం కోత పడుతుంది, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. రక్త పరీక్ష, మందులు అన్నీ అందులో ఉచితమే. కానీ డిస్పెన్సరీ తెరిచి ఉండే వేళ ఆమె మిషన్ దగ్గర ఉంటుంది. వెళ్లాలంటే ఒక రోజు సెలవు, ఆ రోజు జీతం, కొన్ని చోట్ల నెల హాజరు బోనస్ కూడా వదులుకోవాలి. నీరసానికి ఇంత ఖర్చు ఎవరు పెడతారు? కళ్లు తిరిగి పడిపోతే తప్ప కదలరు. పడిపోయినా ఓఆర్ఎస్ కలిపిచ్చి కాసేపు పడుకోబెట్టి మళ్లీ మిషన్ దగ్గర కూర్చోబెడతారు. కంబోడియా గార్మెంట్ ఫ్యాక్టరీల్లో గత దశాబ్దంలో వందల మంది ఒకేసారి సొమ్మసిల్లి పడిపోయిన సంఘటనలు ప్రపంచమంతా చూసింది. వేడి, గాలి ఆడకపోవడం, అలసటతో పాటు చాలీచాలని తిండి కూడా కారణాల్లో చర్చకు వచ్చింది. ఆ తర్వాతే అక్కడ మధ్యాహ్న భోజనం మీద పరిశోధనలు మొదలయ్యాయి.

బంగ్లాదేశ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. నాలుగు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పని చోటే ఇచ్చి చూశారు. భోజనం పెట్టే ఫ్యాక్టరీల్లో మాత్రలతో పాటు పోషకాలు కలిపిన బియ్యం, మెరుగైన కూరలు వడ్డించారు. రెండు రకాల చోట్లా రక్తహీనత తగ్గింది. భోజనం పెట్టిన చోట తగ్గుదల బాగా ఎక్కువ.

మన చట్టంలో ఈ తలుపు ఎప్పటి నుంచో ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలనేది. దాని నిర్వహణ కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఉండేలా, ఏ పదార్థాలు వడ్డించాలో, ఏ ధరకు వడ్డించాలో నిర్ణయించేలా నిబంధనలు చేసే వీలు కల్పించింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ఈ హద్దు 100 మందికి దిగింది, కాంట్రాక్టు కార్మికులను కూడా కలిపి లెక్కించాలి. అంటే పలాస జీడిపప్పు యూనిట్లలో, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో కాస్త పెద్దవన్నీ దీని కిందికి రావాలి. క్యాంటీన్ కమిటీ అనగానే టీ రేటు, సాంబారు పలచన, బల్లల శుభ్రం గురించే మాట్లాడుకుంటాం. వారానికి మూడు రోజులు ఆకుకూర పప్పు, రోజూ ఒక గుడ్డు, నిమ్మకాయ ముక్క, ఇనుమూ అయోడిన్ కలిపిన ఉప్పు (దాన్ని తయారుచేసింది కూడా మన తార్నాక సంస్థే), పొద్దున బస్సు దిగగానే ఉడికించిన ఉలవలో శనగలో ఒక కప్పు అడిగే హక్కు కూడా ఆ కమిటీకే ఉంది. కమిటీలో ఆడవాళ్లు ఉంటే ఈ మాటలు తొందరగా బల్ల మీదికి వస్తాయి.

అదే కొత్త కోడ్‌ల కింద యాజమాన్యం కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలి. అయితే ప్రభుత్వం ప్రకటించిన ప్రకారం ఇది 40 ఏళ్లు దాటినవారికి. గుండె, బీపీ, షుగర్‌ల కోసం ఆ వయసు పెట్టారంటే అర్థం చేసుకోవచ్చు. కుట్టు లైన్‌లో, మొబైల్ ఫోన్లు బిగించే బల్లల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి పద్దెనిమిది నుంచి ముప్పై ఐదేళ్లే. నెలసరి, కాన్పులు, పాలివ్వడం, ఇనుము అన్నిటికన్నా ఎక్కువగా పోయే కాలం సరిగ్గా అదే. చేరిన మొదటి రోజున ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి ఒక చిన్న గొట్టం రక్తం తీసి, హిమోగ్లోబిన్‌నూ రక్తకణాలనూ లెక్కించే సీబీపీ పరీక్ష చేయిస్తే, అది కూడా షిఫ్టు టైమ్‌లోనే చేయించి అంకెను ఆమె చేతికే ఇస్తే, ముప్పైలో దొరకాల్సిన లోపం ముప్పైలోనే దొరుకుతుంది. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఆ అమ్మాయి ఇరవై ఏళ్లకు మిషన్ ముందు కూర్చుంటే, చట్టప్రకారం మొదటి పరీక్ష కోసం మరో ఇరవై ఏళ్లు ఆగాలి.